పేకముక్క సైజు బొమ్మ గీసి ఎవరికో వదిలేయడం: మొదటి నుంచి చివరి దాకా

పేకముక్క అంత అట్ట మీద బొమ్మ గీసి, పార్కు బెంచీ మీదో టీ కొట్టులోనో వదిలేసి రావడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఎవరికి దొరికితే వాళ్లదే. ఇది ఎలా చేయాలో వివరంగా చెప్పమని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఏ కాగితం, ఏ రంగు, ఏ పెన్ను అనే అడుగుతారు అందరూ. అవన్నీ చెబుతాను. కానీ చాలామందికి బొమ్మ బాగానే కుదురుతుంది, వదిలే దగ్గరే పని చెడుతుంది.

మన దగ్గర దిక్కు లేకుండా పడి ఉన్న వస్తువుని జనం ముట్టుకోరు. బాంబేమో అని ఒకరికి భయం. దిష్టి తీసి పడేశారేమో అని ఇంకొకరికి అనుమానం. మరీ మంచివాళ్లయితే, పాపం ఎవరో పోగొట్టుకున్నారు, వెతుక్కుంటూ వస్తారులే అని అలాగే ఉంచేస్తారు.

నా మొదటి ఆరు కార్డుల్నీ ముచ్చటపడి బ్రౌన్ కవర్లలో పెట్టి, ఎర్ర దారం కట్టి, ఒక పార్కులో బెంచీకొకటి చొప్పున పెట్టాను. అరగంట తర్వాత తిరిగొచ్చి చూస్తే గార్డు ఒక్కొక్కదాన్నీ కర్రతో కిందికి తోస్తున్నాడు. ఊడ్చే ఆవిడ "చేతబడి సామానమ్మా, దగ్గరికి పోకు" అని నన్నే హెచ్చరించింది. అవి నావేనని చెప్పే ధైర్యం లేక తలూపి వచ్చేశాను.

అందుకే ఇక్కడ బొమ్మ గురించి ఎంత రాశానో, దాని వెనక రాసే మాటల గురించి, కవరు గురించి, చోటు గురించి అంతకంటే ఎక్కువే రాశాను.

1. సైజు తేల్చుకోవడం

64 × 89 మిల్లీమీటర్లు. అంటే రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. బొమ్మల కార్డులు ఒకరితో ఒకరు మార్చుకునే అలవాటున్న చిత్రకారులు చాలా దేశాల్లో ఇదే సైజు వాడతారు. చొక్కా జేబులో పడుతుంది, పర్సులో పడుతుంది. తీసుకునేవాళ్లు "ఇదెక్కడ పెట్టుకోను" అని ఆలోచించక్కర్లేదు.

ఒక్కో కార్డుకి గంట మించి పెట్టొద్దు. ఖర్చు ఒక టీ దాటొద్దు. ఈ రెండు హద్దులూ ఎందుకంటే, మీరు వదిలిన వాటిలో కొన్ని ఖాయంగా చెత్తలోకి పోతాయి. కార్డుని చేతిలో పట్టుకుని "ఇది పోతే ఎలా" అనిపించిందా, దాన్ని ఇంట్లోనే ఉంచుకోండి. ఆ టెన్షన్‌తో వదిలితే బెంచీ చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

మొదటి విడతకి ఐదు చాలు. ఐదూ ఒకే బొమ్మ అయినా ఏం కాదు. అవి వెళ్లేది ఐదుగురి దగ్గరికి.

2. సామాను

- 300 జీఎస్‌ఎం (కాగితం దళసరి చెప్పే కొలత) వాటర్‌కలర్ పేపరు, ఏ4 షీట్లు. లేదా పాత శుభలేఖలు
- అక్రిలిక్ రంగులు: తెలుపు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), శాప్ గ్రీన్ (ఆకుపచ్చ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు)
- తెల్ల జెల్ పెన్ను ఒకటి, నీళ్లకి చెదరని నల్ల పెన్ను ఒకటి
- అంగుళం వెడల్పున్న చదును కుంచె
- కట్టర్, స్టీలు స్కేలు, కింద వేసుకోవడానికి దళసరి అట్ట
- దబ్బనం, ఇంకు అయిపోయిన బాల్ పెన్ను (పారేయకండి, పని ఉంది)
- బటర్ పేపర్
- అంటించే మూత ఉన్న పారదర్శక కవర్లు, సుమారు 7 × 10 సెంటీమీటర్లవి

ఆ కవర్లు స్టేషనరీ షాపులో దొరక్కపోతే ప్యాకింగ్ సామాన్లు అమ్మే దుకాణంలో అడగండి. రోల్డ్‌గోల్డ్ చెవిదిద్దులు పెట్టి అమ్మే కవర్లు అంటే వెంటనే తీసిస్తారు.

శుభలేఖల గురించి ఒక మాట. ప్రతి ఇంట్లోనూ అల్మారా పైన ఒక కట్ట ఉంటుంది. అట్ట దళసరిగా, చక్కగా ఉంటుంది. కానీ చాలావాటికి నున్నటి పూత ఉంటుంది కాబట్టి వాటర్‌కలర్ అస్సలు పట్టదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది. అక్రిలిక్ పడుతుంది. ముందు సన్నటి గరుకు కాగితంతో ఒకసారి మెల్లగా రుద్దండి. వినాయకుడి బొమ్మ, వధూవరుల పేర్లు ఉన్న భాగం వాడొద్దు. పేర్లు ఉన్న ముక్క ఎవరి చేతికో పోవడం బాగుండదు, దేవుడి బొమ్మ మీద కట్టర్ పెట్టడం ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చదు.

పిల్లల పోస్టర్ కలర్స్‌తో మొదలుపెడదామని చాలామంది అనుకుంటారు. అవి ఆరాక కూడా తడి తగిలితే కరుగుతాయి. చెమట చేయి చాలు. ఇంట్లో గోడకి పెట్టుకునే బొమ్మకైతే సరే, బయట వదిలేదానికి వద్దు.

3. కోయడం

ఏ4 షీటు 210 × 297 మిల్లీమీటర్లు. వెడల్పులో 64 చొప్పున మూడు పట్టీలు, ఒక్కో పట్టీలో 89 చొప్పున మూడు ముక్కలు. మొత్తం తొమ్మిది కార్డులు. మిగిలిన అంచు పారేయకండి, రంగు పరీక్షించుకోవడానికి కావాలి.

కట్టర్‌ని ఒక్కసారే బలంగా నొక్కి లాగితే స్కేలు జరుగుతుంది, వేలూ తెగుతుంది. తేలిగ్గా మూడుసార్లు లాగండి. మూడోసారికి అట్ట దానంతట అదే విడిపోతుంది. కత్తెర వాడితే అంచు అలలు అలలుగా వస్తుంది. చూసేవాళ్లకి అది చించిన కాగితంలా కనిపిస్తే తీసుకోవాలనిపించదు. బొమ్మ సాదాగా ఉన్నా ఫర్వాలేదు గానీ అంచు మాత్రం నిక్కచ్చిగా ఉండాలి.

4. ఒక కార్డు పూర్తిగా: 19 చుక్కల ముగ్గు

కొత్తవాళ్లకి నేను ముందు ముగ్గు కార్డే చెబుతాను. బొమ్మలు గీయడం రానివాళ్లకి కూడా వస్తుంది. చూసినవాళ్లకి ఇదేంటో అర్థం కాక తికమక ఉండదు.

రంగు కలపడం. కళ్లాపి చల్లిన వాకిలి రంగు రావాలి. బర్న్ట్ అంబర్ రెండు పాళ్లు, శాప్ గ్రీన్ ఒక పాలు, ఎల్లో ఓకర్ చిటికెడు. నీళ్లు తక్కువ. మిగిలిన అంచు ముక్క మీద పూసి, ఆరాక చూడండి. అక్రిలిక్ ఆరితే ఒక ఛాయ ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనుకుంటే ఆరాక నల్లబడ్డట్టు ఉంటుంది.

పూత. అడుగున రాతకోసం సన్నటి తెల్ల పట్టీ వదిలి, మిగతాదంతా పల్చగా రెండుసార్లు. మొదటిది అడ్డంగా, అది ఆరిన 20 నిమిషాలకి రెండోది నిలువుగా. ఒక్కసారే మందంగా పూస్తే అట్ట గిన్నెలా వంగుతుంది. రెండు పూతలూ ఆరాక ఒక పూటంతా వదిలేయండి.

చుక్కల అచ్చు. పాత శుభలేఖ నుంచి అదే సైజు ముక్క ఒకటి కోయండి. దాని మీద 3, 4, 5, 4, 3 వరుసల్లో చుక్కలు పెట్టండి. మన భాషలో చెప్పాలంటే 5 చుక్కలు, 3 వచ్చేదాకా మధ్య చుక్క. చుక్కకీ చుక్కకీ సెంటీమీటరు, వరుసకీ వరుసకీ సుమారు 9 మిల్లీమీటర్లు. అన్నిటినీ దబ్బనంతో కన్నాలు చేయండి. ఈ అచ్చు ఒకసారి చేసుకుంటే వంద కార్డులకి పనికొస్తుంది.

రంగు పూర్తిగా ఆరిన కార్డు మీద అచ్చు పెట్టి, క్లిప్పు బిగించి, ఇంకు అయిపోయిన పెన్నుతో ఒక్కో కన్నంలో నొక్కండి. కార్డు మీద చిన్న గుంటలు పడతాయి. చెరపడానికి పెన్సిల్ గుర్తులేవీ ఉండవు.

చుక్కలు. తెల్ల జెల్ పెన్ను నిటారుగా పట్టుకుని గుంటలో ఆనించి, ఒక్క క్షణం ఆగి, పైకి ఎత్తండి. తిప్పొద్దు, రుద్దొద్దు. పెన్ను ఆగి ఆగి పడుతుంటే మొనని టిష్యూ మీద నాలుగు చుట్లు తిప్పండి. పై వరుస నుంచి కిందికి రండి. చేతి కింద కాగితం ముక్క పెట్టుకోండి. 19 లెక్కపెట్టి, ఐదు నిమిషాలు ఆగండి.

గీతలు, ఈ వరుసలోనే:

- నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న ఆరు చుక్కలకీ ఆరు రేకులు. పువ్వు వచ్చింది.
- బయటి చుట్టులో 12 చుక్కలు మిగిలాయి. వాటిలో ఆరు మూలల్లో ఉంటాయి, ఆరు మూలకీ మూలకీ మధ్యలో ఉంటాయి. మధ్యలో ఉన్న ఒక్కోదాన్నీ దానికి దగ్గరగా ఉన్న రెండు రేకుల కొసలతో కలపండి. నక్షత్రం వచ్చింది.
- మూల చుక్కలు ఆరింటికీ, రేకు కొస నుంచి మూల చుక్క దాకా ఒక్కో మొగ్గ.

ఇంతే. రంగులు నింపాలని చేయి లాగుతుంది. ఆగండి. వాకిలి రంగు మీద తెల్ల గీత ఒక్కటే ఉంటేనే దూరం నుంచి ముగ్గులా కనిపిస్తుంది.

ముగ్గు నచ్చనివాళ్లు ఇంకేదైనా గీసుకోండి. మీ ఊరి బస్టాండు, ఆవకాయ జాడీ, స్కూటర్ సీటు మీద పడుకున్న పిల్లి. కింది రెండు విభాగాలు మాత్రం అందరికీ వర్తిస్తాయి.

5. ఏం గీయకూడదు

దేవుళ్ల బొమ్మలు వద్దు, ఏ మతంవీ వద్దు. గాలికి కింద పడి ఎవరి కాలి కిందో పడితే గొడవ. జాతీయ జెండా కూడా ఇందుకే వద్దు.

పార్టీల గుర్తులు వద్దు. ఎన్నికల రోజుల్లో ఉత్తి సైకిల్ బొమ్మ, ఉత్తి ఫ్యాన్ బొమ్మ గీసినా ప్రచారం అనుకుంటారు. చేయి, పువ్వు, కారు, గ్లాసు, ఏదీ మిగల్లేదు మనకి.

నిమ్మకాయ, గుమ్మడికాయ, మిరపకాయలు, పుర్రె, కళ్లు మాత్రమే ఉన్న ముఖం, పసుపు మీద ఎర్ర బొట్టు. వీటిని మన జనం ఎలా చదువుతారో మీకు తెలుసు. నిమ్మకాయ చెట్టు ఎంత బాగా గీసినా సరే.

తెలిసిన మనిషి ముఖం, పక్కింటివాళ్ల గుమ్మం, బండి నంబరు. ఇవీ వద్దు.

6. వెనక వైపు రాత

అసలు పని ఇక్కడ ఉంది. తీసుకోవచ్చా, ఇది పడిపోయిందా, డబ్బులడుగుతారా అన్న మూడు అనుమానాలూ తీరాలి. నేను ఇలా రాస్తాను:

"ఇది ఎవరూ మర్చిపోయింది కాదు. కావాలనే ఇక్కడ పెట్టాను. నచ్చితే మీరే ఉంచుకోండి. డబ్బులేమీ అక్కర్లేదు. నచ్చకపోతే ఇక్కడే వదిలేయండి, ఇంకొకరు తీసుకుంటారు."

చివరి వాక్యం నేను ఏడాది తర్వాత చేర్చాను. అది లేనప్పుడు నచ్చనివాళ్లు చెత్తబుట్టలో వేసేవారు.

వెనక ఎంత బాగా రాసినా, బెంచీ మీద కనిపించేది ముందు వైపే. అందుకని ముందు వైపు అడుగున సన్నటి తెల్ల పట్టీ వదిలి "మీకే, తీసుకోండి" అని కచ్చితంగా రాయండి. ఇది లేని రోజుల్లో ఒకసారి సిటీ బస్సులో సీటు పక్కన కార్డు పెట్టి దిగాను. కండక్టరు బస్సు ఆపించి, ఫుట్‌బోర్డు మీద నుంచి చేయి ఊపుతూ, "మేడం, మీ కార్డు! మీ కార్డు!" అని కేకేశాడు. బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తుంటే వెనక్కి పరిగెత్తి తెచ్చుకున్నాను. ఏం చెప్పను ఆయనకి?

హైదరాబాద్‌లో అయితే ఉర్దూలోనో హిందీలోనో కూడా ఒక వాక్యం రాయండి. రాయడం రాకపోతే తెలిసినవాళ్లతో ఒక ముక్క మీద రాయించుకుని చూసి దించుకోవచ్చు.

రాయకూడనివి:

- ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు
- క్యూఆర్ కోడ్. దారిలో దొరికిన కోడ్ స్కాన్ చేయొద్దని బ్యాంకులు చెబుతూనే ఉన్నాయి. తెలివైనవాళ్లు మీ కార్డు ముట్టుకోరు
- "పది మందికి పంపండి, మంచి జరుగుతుంది" లాంటివి. ఆ కరపత్రాల కాలం నుంచే జనం విసిగి ఉన్నారు
- పెద్ద పెద్ద సూక్తులు

జవాబు కావాలనుంటే ఇందుకోసమే ఒక ఈమెయిల్ తెరిచి అది రాయండి. ఏమీ రాయకపోయినా నష్టం లేదు. నంబరు మాత్రం మూలన చిన్నగా వేసుకోండి, 27, 28 అలా. ఎక్కడ ఏది వదిలారో నోటుపుస్తకంలో గుర్తుంటుంది.

7. ఆరబెట్టడం, కవరు

అక్రిలిక్ ముట్టుకుంటే అరగంటలో ఆరినట్టే ఉంటుంది. లోపల ఆరడానికి రోజులు పడుతుంది. ఈలోగా ప్లాస్టిక్ కవర్లో పెడితే రంగు కవరుకి అంటుకుపోతుంది. మే నెల ఎండలో అయితే బాగా ఆరిందనుకున్నది కూడా మెత్తబడి అంటుకుంటుంది. బండి డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచిన తొమ్మిది కార్డులు నాకు ఒకే ముద్దగా దొరికాయి.

దీనికి మందు చవక. వారం రోజులు విడివిడిగా ఆరనివ్వండి. తర్వాత బొమ్మ మీద బటర్ పేపర్ ముక్క పెట్టి కవర్లోకి తోయండి. బటర్ పేపర్‌లోంచి బొమ్మ మసగ్గా కనిపిస్తుంది, అందుకని వదిలే ముందు అక్కడే దాన్ని లాగేయండి.

జెల్ పెన్ను గీతల మీద వార్నిష్ వేయొద్దు. నీటి వార్నిష్‌తో కుంచె తగలగానే తెల్ల గీత పాలు ఒలికినట్టు చెదురుతుంది. వార్నిష్ వేయాలనే పట్టుదల ఉంటే గీతల్ని కూడా తెల్ల అక్రిలిక్‌తో సన్న కుంచెతో గీయండి.

కవరు పారదర్శకంగానే ఉండాలి. లోపలేముందో మూడడుగుల దూరం నుంచి తెలియాలి. మూత అంటించకుండా మడిచి వదిలేయండి. డబ్బాలు, పొట్లాలు, దారాలు, గిఫ్ట్ పేపర్, టేపు చుట్టడం, ఇవన్నీ అనుమానానికి దారి తీస్తాయి. కోతులు తిరిగే చోట కవరే వద్దు. కవరు కనిపిస్తే వాటికి తినేదే.

వంగిన కార్డుని బోర్లా పెట్టి, పైన బటర్ పేపర్ వేసి, బియ్యం డబ్బా కింద ఒక రాత్రి ఉంచితే చదునవుతుంది.

8. రాళ్ల మీద వేయాలనుకుంటే

రాళ్ల మీద బొమ్మలు చాలామందికి ఇష్టం. నేను దాదాపు మానేశాను. కారణం చెప్పి, పద్ధతి కూడా చెబుతాను.

గుండ్రటి పసుపు రాయి మీద ఎర్ర పువ్వు వేసి మా కాలనీ మలుపులో పెట్టాను. రెండు రోజులు స్కూటర్లన్నీ దాన్ని చుట్టి వెళ్లాయి. మూడో రోజు దాని పక్కన ఒక కొబ్బరికాయ చిప్ప చేరింది. ఇంకోటి వేపచెట్టు మొదట్లో పెడితే వారానికల్లా దానికి కుంకుమ పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, తీసే ధైర్యం నాకు లేదు.

అయినా చేస్తానంటే:

- రాళ్లు చెరువు గట్టు నుంచో సముద్రం ఒడ్డు నుంచో ఏరొద్దు. మొక్కల నర్సరీల్లో కుండీల కోసం అమ్మేవి కొనండి.
- వాటికి మెరుపు కోసం నూనెలాంటి పూత ఉంటుంది. సబ్బుతో తోమి, గరుకు కాగితంతో రుద్ది, ఒక రోజంతా ఎండబెట్టండి. ఇది చేయకపోతే రంగు పెచ్చులూడుతుంది.
- తెల్ల అక్రిలిక్ రెండు పల్చటి పూతలు, ఆపైన బొమ్మ, వారం తర్వాత వార్నిష్ రెండు పూతలు.
- నీలం, ఆకుపచ్చ, నలుపు వాడండి. పసుపు, ఎరుపు కలిపి వాడొద్దు.
- కూడలిలో, చెట్టు మొదట్లో, గుమ్మం ముందు, గడ్డిలో పెట్టొద్దు. గడ్డి కోసే మిషన్‌లో పడితే ఎగిరి తగులుతుంది.
- చెరువులో, అడవిలో వదలొద్దు. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్ పొరే.

9. చోటు

ముందు పనికిరాని చోట్లు చెప్పేస్తాను. మెట్రో స్టేషన్లు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయం, సినిమా హాళ్లు, మాల్స్, కోర్టులు, ప్రభుత్వ ఆఫీసులు. ఎవరిదో తెలియని వస్తువు కనిపిస్తే చెప్పండి అని మైకులో వినిపించే ఏ చోటైనా వద్దు. గుళ్లు, మసీదులు, చర్చిలు వద్దు. ఆసుపత్రుల్లో శుభ్రత ఇబ్బంది, అక్కడ వద్దు. బడి గేటు దగ్గర అసలే వద్దు. పిల్లలకి తెలియనివాళ్లిచ్చినవి తీసుకోవద్దని ఇంట్లో నేర్పేది మనమే కదా. గోడలకీ స్తంభాలకీ అంటించొద్దు, ఏటీఎంలో పెట్టొద్దు.

పనికొచ్చేవాటిలో మొదటిది, అడిగి పెట్టే చోటు. టీ కొట్టు గల్లా పక్కన, టైలర్ షాపు కుర్చీ, సెలూన్‌లో పేపర్లుండే బల్ల, జిరాక్స్ షాపు. "అన్నా, బొమ్మలు గీస్తాను, ఒకటి ఇక్కడ పెడతాను, ఎవరికైనా నచ్చితే తీసుకోనివ్వండి" అంటే కాదన్నవాళ్లు తక్కువ. అడిగితే ఆ రహస్యం పోతుంది కదా అని కొందరికి దిగులు. తీసుకునే మనిషికి మీరెవరో తెలియదు, ఆ ముచ్చట ఎలాగూ ఉంటుంది.

రెండోది పుస్తకాలున్న చోటు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మేవాళ్లకి నాలుగు కార్డులిస్తే వాళ్లే పుస్తకాల్లో పెడతారు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండగ ఇలాంటివాటికి మంచి అదను. అక్కడికి కార్డుని పొడుగ్గా కోసి బుక్‌మార్క్‌లా చేయండి. లైబ్రరీలో లైబ్రేరియన్‌ని అడగాలి. అడక్కుండా పుస్తకాల్లో దూర్చొద్దు.

మూడోది పార్కు బెంచీ. వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఆగి, కూర్చుని, చదివే తీరిక ఉన్నవాళ్లు. కానీ ఊడ్చే వేళ తెలుసుకోండి. ఊడవక ముందు పెడితే చీపురుకి పోతుంది. ఊడ్చాక పెడితే బెంచీ మీద అదొక్కటే ఉంటుంది, కంటికి ఆనుతుంది.

నాలుగోది మీ సొంత అపార్ట్‌మెంటు. లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు కింద అరుగు. కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి.

10. వదిలే పద్ధతి

బయలుదేరే ముందు చూసుకోండి:

- ముందు వైపు "మీకే, తీసుకోండి" ఉందా
- వెనక రాత ఆరిందా, చదవడానికి వీలుగా ఉందా
- నంబరు వేసి, నోటుపుస్తకంలో రాశారా
- కవర్లోంచి బొమ్మ కనిపిస్తోందా
- వాన సూచన ఉందా

చోటు దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి. జనం ఎటు నుంచి వస్తారో చూడండి. బటర్ పేపర్ తీసేసి, బొమ్మ వాళ్ల వైపు ఉండేలా బెంచీ ఆనుడుకి చేరేసి పెట్టండి. పడుకోబెట్టింది పడిపోయినట్టు ఉంటుంది, నిలబెట్టింది పెట్టినట్టు ఉంటుంది. ఈ చిన్న తేడా బాగా పనిచేస్తుంది. గాలి ఉంటే కవరు కొసని బెంచీ చెక్కల సందులో దూర్చండి. పైన రాయి పెట్టొద్దు, ఎందుకో పైన చెప్పాను.

అటూ ఇటూ చూసుకుంటూ దొంగలా పెట్టకండి. అదే అనుమానం తెస్తుంది. తాపీగా పెట్టి, ఒక ఫొటో తీసుకుని, నడిచి వెళ్లిపోండి. ఎవరు తీసుకుంటారో దూరం నుంచి వీడియో తీయడం పద్ధతి కాదు.

గార్డు వచ్చి "ఏందమ్మా అది, ఏం పెడుతున్నరు?" అంటే కంగారు పడొద్దు. తిప్పి వెనక రాత చూపించి, "బొమ్మ అన్నా, ఎవరికైనా అని పెట్టాను, మీరు తీసుకోండి" అని ఆయనకే ఇచ్చేయండి. వద్దంటే మారు మాట్లాడకుండా తీసేయండి. మా పార్కు గార్డు ఒకటి తీసుకున్నాక మిగతావాటికి ఆయనే కాపలా.

మర్నాడు వీలైతే ఒకసారి వెళ్లండి. రెండు రోజులైనా అక్కడే ఉంటే మీరే తీసి ఇంటికి తెచ్చుకోండి. మూడో రోజు నుంచి అది చెత్త కిందే లెక్క, మీరు గీసిందే అయినా.

11. మామూలుగా జరిగే తప్పులు

ఎవరూ తీసుకోవట్లేదు. నూటికి తొంభై సార్లు ముందు వైపు రాత లేకపోవడమే కారణం. అది ఉన్నా తీయకపోతే చోటు మార్చండి, బొమ్మ మార్చక్కర్లేదు.

వేసిన రంగు పొడిలా రాలుతోంది. నీళ్లు ఎక్కువ కలిపారు. అక్రిలిక్‌లో నీళ్లు సగం దాటితే పట్టు పోతుంది.

వెనక రాత ముందుకి కనిపిస్తోంది. అట్ట పల్చన. రెండు ముక్కలు వీపులు కలిపి అంటించి, బియ్యం డబ్బా కింద పెట్టండి.

గీసింది నచ్చక వదలబుద్ధి కావట్లేదు. అది మీకు నచ్చక్కర్లేదు. పైన చెప్పిన అంచు, రాత, కవరు సరిగ్గా ఉంటే వదిలేయండి.

వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, కోస్తాలో అయితే నవంబర్ దాకా కూడా, బయటి బెంచీలు మానేసి కొట్లకీ లిఫ్టులకీ మారండి.

12. పిల్లలు చేస్తుంటే, విదేశాల్లో ఉంటే

పిల్లలు గీసిన కార్డు మీద పేరు, తరగతి, బడి పేరు ఉండకూడదు. పిల్లలకి సంతకం చేయాలని ఉంటుంది, ఒక చిన్న గుర్తు నేర్పండి. చేప లాంటిది ఏదైనా. వదిలేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పూసలు, బొత్తాలు అంటించొద్దు, పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

అమెరికాలో ఉన్నవాళ్లు రెండు గుర్తుపెట్టుకోండి. ఇళ్ల ముందు మెయిల్ బాక్సుల్లో స్టాంపు లేనిది వేయడం అక్కడ చట్టం ప్రకారం తప్పు. నేషనల్ పార్కుల్లో రంగు రాళ్లు వదిలితే చెత్త వేసినట్టే. వీధుల్లో స్తంభానికి బిగించి ఉండే చిన్న పుస్తకాల పెట్టెలు మాత్రం ఈ కార్డులకి కుదిరినట్టే ఉంటాయి. ముగ్గు కార్డు అయితే వెనక ఇంగ్లీషులో ఒక వాక్యం రాయండి, లేకపోతే మంచు పలుకు అనుకుంటారు.

13. జవాబు వస్తే

రావు, చాలావాటికి. వస్తే ఒకసారి థాంక్స్ చెప్పి ఊరుకోండి. కలుద్దామనడం, ఫొటో పంపమనడం, వాళ్లు రాసింది అడక్కుండా నలుగురికీ చూపించడం, ఇవేవీ వద్దు.

నాకు వచ్చిన వాటిలో ఒకటి 41వ నంబరు ముగ్గు కార్డుకి. బస్ షెల్టర్‌లో దొరికిందట, తీసుకెళ్లి వాళ్లమ్మకిచ్చాడట ఆ అబ్బాయి. "బాగుందండీ, కానీ రెండో వరుసలో ఒక చుక్క పెట్టకుండానే గీత లాగేశారని అమ్మ అంటోంది" అని రాశాడు. అచ్చు తీసి వెలుతురుకి పట్టుకుని చూశాను. రెండో వరుసలో ఒక కన్నం వాకిలి రంగుతో పూడుకుపోయి ఉంది. కార్డు పూర్తిగా ఆరకముందే అచ్చు పెట్టానన్నమాట.